కోమో కొండసీమ గిటారు: ఫ్రెడ్ మెక్‌డవెల్ జీవితం, సంగీతం

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి రాసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, పెద్దలకు, ఇంత వానలోనూ శ్రమపడి వచ్చిన మీ అందరికీ నమస్కారం. ఈ సాయంత్రం నేను ఒక్క మనిషి గురించే మాట్లాడతాను. ఆయన పేరు ఫ్రెడ్ మెక్‌డవెల్. అమెరికా దక్షిణ ప్రాంతంలోని మిసిసిపీ రాష్ట్రంలో, కోమో అనే చిన్న ఊళ్లో, జీవితంలోని చివరి ముప్పై ఏళ్లకు పైగా గడిపిన నల్లజాతి వ్యవసాయ కూలీ ఆయన. బ్లూస్ అంటే అమెరికా దక్షిణాది నల్లజాతివారిలో పుట్టిన పాట, ఆ బ్లూస్ గిటారు వాయించిన మహా విద్వాంసుడు కూడా ఆయనే. ఈ రెండు మాటలనూ నేను కావాలనే పక్కపక్కన పెడుతున్నాను. ఎందుకంటే ఆయన పత్తి ఏరిన చేతులూ గిటారు వాయించిన చేతులూ ఒకటే, ఆయనతో ఆ పని చేసినవాళ్లే ఈ పాటకూ శ్రోతలు.

మెక్‌డవెల్ గురించి ఎక్కడ చదివినా మొదట కనిపించే వాక్యం ఒకటుంది: 1959లో ఆయనను కనుగొన్నారు అని. కనుగొన్నారు! ఎవరు కనుగొన్నారు? కోమోలో ఆయన ఇంటి చుట్టుపక్కల వాళ్లకు ఆయన అప్పటికే దాదాపు ఇరవై ఏళ్లుగా తెలుసు. శనివారం రాత్రి ఆయన గిటారుకు వాళ్లు నాట్యం చేశారు, ఆదివారం పొద్దున ఆయనతో కలిసి చర్చిలో పాడారు. ఆయన ఏనాడూ తప్పిపోలేదు, ఎవరూ వెతికి పట్టుకోవలసిన అవసరమూ లేకపోయింది. మైకు ఆలస్యంగా వచ్చింది, అంతే. కనుక ఆయన సంగీతాన్ని మైకు వచ్చిన రోజు నుంచి కాకుండా, ఆ ఊరి నుంచి, ఆ నేల నుంచి మొదలుపెట్టి వినాలని నేను మనవి చేస్తున్నాను.

ముందుగా ఆ నేల గురించి చెప్పాలి. మిసిసిపీ బ్లూస్ అనగానే అందరూ డెల్టా అంటారు. చార్లీ పాటన్, సన్ హౌస్, రాబర్ట్ జాన్సన్, అక్కడి నుంచి షికాగోకు వెళ్లిన మడ్డీ వాటర్స్, వీళ్లందరి పేర్లూ డెల్టాతోనే ముడిపడి ఉన్నాయి. ఆ డెల్టా అంటే రాష్ట్రంలో వాయవ్యాన, మిసిసిపీ నది పక్కన ఉన్న బల్లపరుపు నేల, నది వరదలు వేసిన నల్లమట్టి, వేల ఎకరాల పెద్ద పెద్ద పత్తి ఎస్టేట్లు. దానికి తూర్పున నేల మెల్లగా పైకి లేస్తుంది, గుట్టలు మొదలవుతాయి, అడవులు కనిపిస్తాయి, కమతాలు చిన్నవవుతాయి. పనోలా, టేట్, మార్షల్, లఫయెట్ అనే జిల్లాలు ఆ వైపు ఉన్నాయి. దీన్నే కొండసీమ అంటారు. మన పాడేరు కొండల్లాంటివి ఊహించుకోకండి, అవి చిన్న చిన్న మెట్టలు మాత్రమే. కోమో ఊరు ఆ మెట్టల అంచున, పనోలా జిల్లాలో, మెంఫిస్ నగరానికి దక్షిణంగా నలభై మైళ్ల దూరంలో ఉంటుంది.

ఈ కొండసీమలో డెల్టాలో లేని ఒక సంగీతం బతికింది. వెదురులాంటి బోలు గడను కోసి, కాల్చిన ఇనుప కడ్డీతో రంధ్రాలు పెట్టి చేసిన పిల్లనగ్రోవి, దాని వెనుక రెండు మూడు డ్రమ్ములు. వేసవిలో పంటపనులు కాస్త తెరిపిచ్చిన రోజుల్లో ఊరి బయట విందు పెట్టుకుని, మేకను కాల్చి, ఆ డ్రమ్ముల చుట్టూ తిరుగుతూ రాత్రి పొద్దుపోయేదాకా నాట్యం చేసేవారు. సిడ్ హెంఫిల్ అనే అంధ కళాకారుని బృందాన్ని ఆలన్ లోమాక్స్ అనే జానపద సంగీత సేకర్త 1942లోనే అక్కడ రికార్డు చేశారు. ఓథా టర్నర్ అనే ఆయన 2003లో చనిపోయే దాకా ఈ వాద్యాన్ని ఆపలేదు. దీన్నంతా ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, మెక్‌డవెల్ గిటారులో మనకు వినిపించే లయ ఆ డ్రమ్ముల లయకు చుట్టమే. పాట ఒక స్వరమేళం, అంటే కలిపి మోగించే స్వరాల గుంపు, నుంచి మరొక స్వరమేళానికి పద్ధతిగా మారుతూ పోవడం డెల్టాలోనూ షికాగోలోనూ మామూలు. కొండసీమ పాట అలా మారదు, లేదా మారీ మారనట్టు మారుతుంది. ఒకే చోట నిలబడి, ఒకే చిన్న పలుకును తిప్పి తిప్పి వాయిస్తూ, వినేవాడి కాళ్లు కదిలేదాకా వదలదు. ఒకే చోట నిలబడి! ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు ఆయన జీవితం. మెక్‌డవెల్ పుట్టింది మిసిసిపీలో కాదు, దానికి ఉత్తరాన సరిహద్దు దాటితే వచ్చే టెనెసీ రాష్ట్రంలోని రోస్‌విల్ అనే పల్లెలో. పుట్టిన సంవత్సరం ఆయనకే సరిగ్గా తెలియదు. సమాధి రాయి మీద 1904 అని ఉంది, 1906 అని రాసినవారూ ఉన్నారు. తల్లిదండ్రులు ఆయన చిన్నతనంలోనే పోయారు. బంధువుల్లో పెద్దవాడొకాయన ఎద్దు పక్కటెముక ముక్కను అరగదీసి, చిటికెన వేలికి తొడుక్కుని, దాన్ని గిటారు తీగల మీద జారుస్తూ వాయించేవాడట. ఆ శబ్దం ఆ పిల్లవాడి చెవిలో పడింది. ఆ తరవాత ఆయన జీవితమంతా ఆ శబ్దం వెంటే నడిచింది. అయితే చాలా ఏళ్లపాటు ఆయనకు సొంత గిటారు లేదు. విందుల్లో ఎవరైనా తమ వాద్యం చేతికిస్తే వాయించేవారు, తిరిగి ఇచ్చేసేవారు.

1926 ప్రాంతంలో మెంఫిస్ వెళ్లి పత్తిగింజల నుంచి నూనె తీసే మిల్లులో పనికి కుదిరారు. 1928లో పత్తి ఏరడానికి మిసిసిపీ వచ్చారు. ఆ రోజుల్లోనే చార్లీ పాటన్ వాయిస్తుండగా చూశారు. ఇలై గ్రీన్ అనే మరో కళాకారుని దగ్గర కొన్ని పాటలు నేర్చుకున్నారు. 1940 ప్రాంతంలో కోమోలో స్థిరపడ్డారు. భార్య పేరు ఆనీ మే, ఆవిడ గొంతు కూడా కొన్ని రికార్డుల్లో మనకు దొరుకుతుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. రాబర్ట్ జాన్సన్ 1911లో పుట్టాడు. 1936లో, 1937లో రికార్డులిచ్చాడు. 1938లో చనిపోయాడు. ఈనాడు ప్రపంచమంతటా ఆయన పేరు తెలుసు. మెక్‌డవెల్ ఆయన కన్నా ఐదారేళ్లైనా పెద్దవాడు. అదే రాష్ట్రంలో ఉన్నాడు, అదే పొలాల్లో పనిచేశాడు, అదే పనిగా వాయించాడు. పట్నంలో దుకాణాలు నడుపుతూ కళాకారులను కంపెనీలకు పంపే దళారుల చూపు కొందరి మీద పడింది, కొందరి మీద పడలేదు. పడనివారిలో ఎంతమంది మెక్‌డవెల్‌లు ఉండి ఉంటారు? 1930ల ఆర్థిక మాంద్యంలో రికార్డు కంపెనీలు దక్షిణాదికి రావడమే బాగా తగ్గిపోయింది. మెక్‌డవెల్ గొంతు లోకానికి వినిపించకపోవడంలో ఆయన లోపం ఏమీ లేదు.

సరే, ఆయన ఏం వాయించారు, ఎలా వాయించారు అన్నది ఇప్పుడు చూద్దాం. ఈ సభలో వీణ, వయొలిన్ నేర్చుకున్నవారు చాలామంది ఉన్నారు కాబట్టి కొంచెం లోపలికి వెళ్తాను. వెనుక కూర్చున్నవారికి వినిపిస్తోందా? మంచిది.

మామూలుగా గిటారు ఆరు తీగలనూ ఒక పద్ధతిలో శ్రుతి చేస్తారు, ఆ శ్రుతిలో ఉత్తినే మీటితే నిండైన స్వరమేళం పలకదు. మెక్‌డవెల్ అలా చేయరు. ఆయన తరచుగా వాడే శ్రుతిలో, లావు తీగ నుంచి సన్నతీగ దాకా వరసగా మన భాషలో చెప్పుకుంటే స ప స గ ప స వస్తుంది. మరొక శ్రుతిలో ప స ప స గ ప వస్తుంది. అంటే వేలు పెట్టకుండా మీటినా షడ్జం, పంచమం మోగుతూనే ఉంటాయి. బొటనవేలు కింది స్థాయి తీగలను ఆపకుండా కొడుతూ ఉంటుంది. ఇంక ఎడమచేతి వేలికి సీసా మెడను కోసి నునుపు చేసిన గాజు గొట్టం. మొదట్లో ఆయన జేబుకత్తితో వాయించారు, తరవాత ఎముకతో, చివరికి గాజు దగ్గర ఆగారు. గాజుతో శబ్దం పెద్దగా, స్పష్టంగా వస్తుంది. కిక్కిరిసిన గదిలో వందమంది పాదాల చప్పుడు మధ్య వినిపించాలంటే అది అవసరం.

ఆ గొట్టం తీగను మెట్టు మీదికి నొక్కదు. తీగను తాకుతూ పైన జారుతుంది. మన గోటువాద్యం విన్నవారికి ఈ సంగతి నేను వేరే చెప్పనక్కరలేదు. అక్కడ కొయ్య ముక్క, ఇక్కడ గాజు. అక్కడ తంబూరా విడిగా మోగుతుంది, ఇక్కడ అదే వాద్యంలోని కింది తీగలు తంబూరా పని చేస్తాయి. ఇంకా ముఖ్యమైన విషయం, ఆ జారుడులో ఆయన నిలిచే గాంధారం. అది సాధారణ గాంధారం కాదు, అంతర గాంధారమూ కాదు. రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది, పాటలోని మాటను బట్టి కాస్త పైకో కాస్త కిందికో జరుగుతుంది. పియానో మీద ఆ స్వరం లేదు. అక్షరంలో రాసే వీలూ లేదు. చెవితోనే పట్టుకోవాలి. ఈ పోలికను పట్టుకుని ఆ సంగీతం మన దగ్గరి నుంచి వెళ్లిందని ఎవరూ అనుకోవద్దు, రెండు దేశాల వాళ్లూ ఎవరి దారిన వాళ్లు ఆ స్వరం దాకా వచ్చారు. మనకు లాభం ఏమిటంటే, స్వరమేళాలు మారకపోతే విసుగనిపించే శ్రోత కన్నా, ఒకే రాగాన్ని గంటసేపు వినగలిగిన శ్రోతకు మెక్‌డవెల్ త్వరగా అందుతారు. ఒకే చోట నిలబడటం అన్నాను చూడండి, ఆ నిలబడటంలో ఎంత కదలిక ఉందో మీ చెవులకు వెంటనే తెలుస్తుంది.

మరొకటి. ఆయన పాడుతూ పాడుతూ చరణం చివర మాటను వదిలేస్తారు. నోరు ఆగుతుంది, గిటారు ఆ మాటను పూర్తి చేస్తుంది. వినేవారికి ఆ మాట వినపడినట్టే ఉంటుంది. మళ్లీ కొన్ని చోట్ల గొంతూ తీగా ఒకే స్వరాన్ని పట్టుకుని, ఒకదాని మీద ఒకటి ఒదిగి నడుస్తాయి. ఏది గొంతో ఏది గాజో విడదీయలేం. నాకు ఆయన సంగీతంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. గిటారును ఆయన పక్కవాద్యంగా చూడలేదు, ఇద్దరు పాడుతున్నట్టే వాయించారు.

ఇప్పుడు 1959కి వద్దాం. ఆ ఏడాది సెప్టెంబరులో ఆలన్ లోమాక్స్, ఇంగ్లండు నుంచి వచ్చిన గాయని షర్లీ కాలిన్స్ కోమో వచ్చారు. వాళ్లు వచ్చింది మెక్‌డవెల్ కోసం కాదు. పిల్లనగ్రోవి, డ్రమ్ములు వాయించే యంగ్ సోదరులను, ఫిడేలు వాయించే ప్రాచర్ సోదరులను రికార్డు చేస్తున్నారు. పొద్దుగూకే వేళ, పత్తి చేలో పని ముగించుకుని, పనిబట్టలతోనే గిటారు పట్టుకుని ఒకాయన చెట్ల మధ్య నుంచి నడిచి వచ్చారు. పొరుగువాళ్లే ఆయనకు కబురు చేశారు. కూర్చుని వాయించారు. ఆ రాత్రి లోమాక్స్ తన నోటు పుస్తకంలో ఒకే ఒక్క మాట రాసుకున్నారని షర్లీ కాలిన్స్ చెప్పారు. పరిపూర్ణం అన్నదే ఆ మాట. రికార్డు చేసినదాన్ని తిరిగి వినిపించినప్పుడు మెక్‌డవెల్ అరుగు మీద కాళ్లు తాటిస్తూ, కేరింతలు కొడుతూ, భార్యను కౌగిలించుకుని సంతోషించారట. యాభై దాటిన వయసులో, తన గిటారు ఎదుటివాడికి ఎలా వినిపిస్తుందో ఆయన మొదటిసారి విన్నారు.

ఆ టేపుల్లో మైల్స్ ప్రాచర్ రెండో గిటారు వాయించారు. మెక్‌డవెల్ అక్క ఫానీ డేవిస్ దువ్వెనకు పలుచని కాగితం చుట్టి పెదవుల దగ్గర పెట్టుకుని ఊదారు. దువ్వెన, కాగితం! సన్నాయిలాంటి ఆ జీర గొంతు గాజు జారే శబ్దంతో కలిసిపోతుంది. ఇంట్లో దొరికే వస్తువును సంగీతంగా మార్చుకున్న ఆ మనుషుల ఒడుపు ముందు తల వంచాలనిపిస్తుంది నాకు. ఆ రికార్డింగుల్లో కొన్ని 1960లో అట్లాంటిక్ సంస్థ వేసిన ఎల్పీల వరుసలో బయటికి వచ్చాయి.

ఆయన అదృష్టం ఆ వెంటనే పండలేదు. మళ్లీ పత్తి, మళ్లీ శనివారాలు. 1964లో కాలిఫోర్నియా నుంచి క్రిస్ స్ట్రాక్‌విట్జ్ అనే యువకుడు కోమో వచ్చి, తన అర్హూలీ సంస్థ కోసం మెక్‌డవెల్‌తో మొదటి పూర్తి ఆల్బం రికార్డు చేశారు. దానికి డెల్టా బ్లూస్ అని పేరు పెట్టారు. కోమో డెల్టాలో లేదు! అమ్మకానికి ఆ పేరు అవసరమని వాళ్లు అనుకుని ఉండవచ్చు, కానీ ఆ పేరు వల్ల కొండసీమకు తనదంటూ ఒక బాణీ ఉందన్న సంగతి చాలాకాలం మరుగునపడింది. అదే ఏడాది ఆయన న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో వాయించారు, 1965లో యూరప్ పర్యటనకు వెళ్లారు. ఇన్ని దేశాలు తిరిగినా ఇల్లు మాత్రం కోమోలోనే ఉంచుకున్నారు, పర్యటనలు లేని రోజుల్లో అక్కడి పెట్రోలు బంకులో పనిచేశారు. 1966లో తమ హంటర్స్ చాపెల్ చర్చి గాయకులతో కలిసి భక్తిగీతాల ఆల్బం ఇచ్చారు. చాలామంది బ్లూస్ కళాకారులు బ్లూస్‌ను దయ్యపు పాటలని, భక్తిగీతాలను దేవుడి పాటలని విడదీసి, ఒకదాని కోసం మరొకదాన్ని వదిలేశారు. మెక్‌డవెల్‌కు ఆ పేచీ లేదు. అదే గాజుగొట్టం, అదే శ్రుతి, అదే లయ.

1969లో ఆయన మిసిసిపీ రాజధాని జాక్సన్‌లోని మలాకో స్టూడియోలో ఎలక్ట్రిక్ గిటారుతో ఒక ఆల్బం చేశారు. తాను రాకెన్‌రోల్ వాయించనని ఆయన చెప్పే మాటే ఆ ఆల్బం పేరు. అప్పట్లో జానపద సంగీతాభిమానులు కొందరికి కరెంటు గిటారు నచ్చలేదు. పల్లె మనిషి చేతిలో కొయ్య గిటారే ఉండాలని వాళ్ల కోరిక. నాకు ఆ కోరిక అన్యాయమనిపిస్తుంది. జేబుకత్తి వదిలి ఎముక పట్టినవాడు, ఎముక వదిలి గాజు పట్టినవాడు, శబ్దం ఇంకా గట్టిగా రావడానికి కరెంటు పెట్టుకుంటే తప్పేమిటి? ఆయన వెతికింది ఎప్పుడూ అదే కదా.

మీలో ఇంగ్లండు రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ పాటలు విన్నవారు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు, సంతోషం. 1971లో వచ్చిన వాళ్ల స్టికీ ఫింగర్స్ ఆల్బంలో యు గాటా మూవ్ అనే పాట ఉంది. అది చర్చిల్లో పాడుకునే పాత భక్తిగీతం. మెక్‌డవెల్ కన్నా పాతది. కానీ స్టోన్స్ పాడిన తీరు, గొంతూ గాజూ కలిసి మెల్లగా ఈడ్చుకుంటూ నడిచే ఆ నడక మెక్‌డవెల్‌ది. ఈ సందర్భంలో స్ట్రాక్‌విట్జ్ చేసిన పని గురించి గట్టిగా చెప్పాలి. మెక్‌డవెల్ తరఫున హక్కుల కోసం ఆయన పట్టుబట్టి, రావలసిన డబ్బు రాబట్టి, మెక్‌డవెల్ బతికి ఉండగానే చేతికి అందించారు. ఆ కాలపు నల్లజాతి కళాకారుల్లో ఎందరికి ఇలా జరిగింది? చాలా కొద్దిమందికి. పాటను తీసుకుని పాడినవాళ్లకు పేరూ డబ్బూ వచ్చి, పాట ఇచ్చినవాడు అప్పుల్లో పోవడం ఆ చరిత్రలో అడుగడుగునా కనిపిస్తుంది. మన జానపద కళాకారుల బాణీలు సినిమాల్లోకి వెళ్లినప్పుడు కూడా ఈ ప్రశ్న అడగాలి, తప్పకుండా అడగాలి.

బానీ రైట్ అనే అమ్మాయి అప్పుడు ఇరవై ఏళ్ల విద్యార్థిని. మెక్‌డవెల్ కార్యక్రమాల ఏర్పాట్లు చూసే డిక్ వాటర్‌మన్ ద్వారా ఆయనకు పరిచయమై, ఆయన పక్కన కూర్చుని గాజుగొట్టం వాయించడం నేర్చుకుంది, ఆయనతో కలిసి ఊళ్లు తిరిగింది. తరవాత ఆవిడ ఎంత పెద్ద గాయని అయిందో మీకు తెలుసు. 1973లో వచ్చిన తన ఆల్బంలో మెక్‌డవెల్ పాటలు రెండు కలిపి పాడింది. గురువు రుణం ఆవిడ మరొక విధంగానూ తీర్చుకుంది. మెక్‌డవెల్ 1972 జులై 3న మెంఫిస్ ఆసుపత్రిలో కాన్సర్‌తో కన్నుమూశారు. కోమో దగ్గరి హామండ్ హిల్ చర్చి ఆవరణలో సమాధి చేశారు. ఆ సమాధి మీది చిన్న ఫలకంలో ఆయన పేరే తప్పుగా చెక్కారు. ఇరవై ఏళ్లకు పైగా అలాగే ఉంది. 1993 ఆగస్టులో బానీ రైట్ ఖర్చుతో కొత్త రాయి నిలిపారు, దాని మీద పేరు సరిగ్గా ఉంది.

ఆయన తరవాత ఏమైంది అంటారా? ఆర్.ఎల్. బర్న్‌సైడ్ మెక్‌డవెల్‌కు పొరుగువాడు, ఆయనను చూసి నేర్చుకున్నవాడు. జూనియర్ కింబ్రో అదే సీమవాడు. వీళ్లిద్దరినీ 1990లలో ఫాట్ పాసమ్ అనే చిన్న సంస్థ లోకానికి వినిపించింది, అప్పటికి గానీ కొండసీమ బ్లూస్ అన్న మాట అందరి నోళ్లలోకీ రాలేదు. ఓథా టర్నర్ మనవరాలు షార్డే థామస్ ఇవాళ్టికీ ఆ పిల్లనగ్రోవి వాయిస్తోంది. బర్న్‌సైడ్ కుటుంబంలో మూడో తరం గిటారు పట్టింది.

ఇంటికి వెళ్లి వినాలనుకునేవారికి నేను చెప్పే వరస ఇది. ముందుగా 1959 నాటి టేపులు వినండి, తరవాత 1966లో చర్చి గాయకులతో పాడినవి, ఆఖరున 1969 నాటి ఎలక్ట్రిక్ ఆల్బం. మొదటిసారి మాటల అర్థం కోసం ప్రయత్నించకండి, బొటనవేలు కొట్టే కింది తీగను మాత్రమే పట్టుకోండి. రెండోసారి గాజును పట్టుకోండి. ఇప్పుడు ఆ 1959 టేపుల్లోంచి దువ్వెన ఊదిన పాట ఒకటి వినిపిస్తాను. అది అయిన తరవాత మీ ప్రశ్నలు అడగండి.